తమిళ లిపి ఎంత పాతది? తెలుగు లిపికి దానితో చుట్టరికం ఏమిటి?

ప్రశ్న ఇదీ: "తమిళనాడులోని కీళడి తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల వల్ల తమిళ లిపి అశోకుడి కంటే పాతదని తేలిపోయిందట. అది సింధు లిపి నుంచే వచ్చిందట. మన తెలుగు లిపి కూడా తమిళం నుంచే పుట్టిందని మా ఆఫీసులో ఒకాయన వాదిస్తున్నాడు. ఇందులో నిజమెంత?"

చివరి నుంచి మొదలుపెడతాను. తెలుగు లిపి తమిళ లిపి నుంచి పుట్టలేదు. సింధు లిపి నుంచి ఫలానా భారతీయ లిపి వచ్చిందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఇక అశోకుడి కంటే పాతదా అన్నదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి, వాళ్లు ఏ వైపు వాళ్లయినా సరే.

రాతి శాసనాల నకళ్లు తీయడం, చదవడం ముప్పై ఏళ్లకు పైగా నా పని. తడిపిన కాగితాన్ని రాయికి అతికించి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దితే చుట్టూ నల్లగా అయి మధ్యలో అక్షరం తెల్లగా లేచి వస్తుంది. చూడ్డానికి తేలిక. కానీ రాతిలో ఉన్న పగులు కూడా తెల్లగానే లేస్తుంది! మొదట్లో ఒకసారి అలాంటి పగులును దీర్ఘం అనుకుని చదివి, రెండు నెలలు ఆ పదానికి అర్థం వెతుకుతూ కూర్చున్నాను. అందుకే "ఈ పెంకు మీద ఇలా ఉందట" అని ఎవరైనా అంటే నేను ముందు ఫోటో అడుగుతాను.

అసలు సంగతికి వచ్చే ముందు ఒక మాట. భాష వయసు వేరు, రాత వయసు వేరు. తమిళం మాట్లాడేవాళ్లు అక్షరం పుట్టకముందు ఎన్నో తరాలుగా ఉన్నారు, తెలుగువాళ్లూ అంతే. రాత ఎప్పుడు మొదలైందో చెబితే భాషని తక్కువ చేసినట్టూ కాదు, పొగిడినట్టూ కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గొడవలు.

తమిళంలో రాసిన పాత శాసనాలు మదురై చుట్టుపక్కల కొండల గుహల్లో ఉన్నాయి. నిజానికి అవి గుహలు కూడా కావు, ముందుకు పొడుచుకొచ్చిన బండల కింది నీడ. లోపల నున్నగా చెక్కిన రాతి పడకలు ఉంటాయి, తలగడలా కాస్త ఎత్తు చేసి. జైన సన్యాసులు ఉండేవారు అక్కడ. వాననీళ్లు లోపలికి కారకుండా బండ అంచున ఒక గాడి తొలిచి, దాని పక్కనే ఆ పడకలు ఎవరు చేయించారో రాశారు. అందులో ముఖ్యమైనది మాంగుళం కొండ. రాబర్ట్ సూవెల్ 1882లో ఆ రాతలను గుర్తించాడు.

చదవడం మాత్రం చాలా కాలం కుదరలేదు. ఆ రాతలున్నది బ్రాహ్మిలో, అంటే అశోకుడి శాసనాల లిపిలో. దాన్ని జేమ్స్ ప్రిన్సెప్ 1837లోనే ఛేదించాడు కదా, అక్షరాలన్నీ తెలుసు కదా, మరెందుకు కుదరలేదు? అక్షరాలు తెలుసు, లెక్క తెలియలేదు. ఇవి కూడా అశోకుడి శాసనాల్లాగే ప్రాకృతం అయ్యుంటాయని అనుకుని చదివారు, అర్థం లేని శబ్దాలు వచ్చాయి. 1924లో కె.వి. సుబ్రహ్మణ్య అయ్యర్ ఇది తమిళం అని చెప్పారు. ఆ తర్వాత దీన్ని ఒక పద్ధతిలో పెట్టినవాడు ఐరావతం మహదేవన్. ఐఏఎస్ ఉద్యోగం చేస్తూ ఈ పిచ్చిలో పడి, 1966లో ఒక సంకలనం వేశాడు. 2003లో పెద్ద గ్రంథం తెచ్చాడు. ఇవాళ ఎవరు ఏం వాదించినా ఆయన పాఠాల మీద నిలబడే వాదిస్తారు.

ఎందుకు తికమక పడ్డారో ఒక్క మాటతో చూపిస్తాను. తమిళంలో కొడుకుని "మకన్" అంటారు. రాసేటప్పుడు క, పలికేటప్పుడు గ వినిపిస్తుంది, ఆ సంగతి పక్కన పెడదాం. ఆ పాత గుహల్లో ఈ మాటని ఎలా రాశారంటే: మ గుర్తుకి ఒక గీత, క గుర్తుకి ఒక గీత, చివర న గుర్తు ఒట్టిగా. అశోకుడి లెక్కలో గీత అంటే దీర్ఘం, ఒట్టి అక్షరం అంటే అకారంతో కలిసిన హల్లు. ఆ లెక్కన చదివితే "మాకాన" అవుతుంది. మాకాన అంటే ఏమిటి? ఏమీ కాదు. గుహలో రాసినవాడి లెక్క వేరు. వాడికి ఒట్టి గుర్తు అంటే పొల్లు హల్లు. గీత పెడితే దానికి అచ్చు తగిలిందని అర్థం, అది అ కావచ్చు, ఆ కావచ్చు. ఇప్పుడు చదవండి: మకన్.

ఈ లెక్క పట్టుకున్నాక రాళ్లు మాట్లాడాయి. మాంగుళంలో నెడుఞ్చఴియన్ (ఴ అంటే తమిళంలో నాలుక మడిచి పలికే ళ లాంటి ధ్వని) అనే పాండ్య రాజు పేరు కనబడింది. ఆ రాజు కొలువులో ఉన్న కడలన్ వఴుతి అనేవాడు ఒక సన్యాసికి ఆ నివాసం చేయించి ఇచ్చాడని రాసి ఉంది. ఆ శాసనం చివర "కొట్టుపిత్త పళియ్" అని ఉంటుంది. కొట్టించిన పళ్ళి, అంటే రాయి కొట్టించి చేసిన జైనుల బస. తెలుగువాడికి దీనికి నిఘంటువు అక్కర్లేదు. మొదటిసారి ఆ రాతి ముందు నిలబడి "కొట్టుపిత్త" అని కూడబలుక్కుని చదివినప్పుడు నాకు మా ఊళ్లో రాళ్లు కొట్టే మేస్త్రీ గొంతు వినబడింది.

ఇప్పుడు అసలు కీలకం. అశోకుడి కాలం నాటి ప్రాకృతంలో మాటలు హల్లుతో ముగియవు. అచ్చుతోనో, సున్నతోనో ముగుస్తాయి. కాబట్టి ఆ భాషకి తయారైన లిపిలో పొల్లు హల్లు రాయాల్సిన అవసరం దాదాపు లేదు. రెండు హల్లులు కలిస్తే ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే సరిపోయేది. తమిళం అలా కాదు. కల్, మకన్, వేల్, ఊర్, అన్నీ హల్లుతోనే ఆగుతాయి. ఒక భాష ఒంటికి కుట్టిన చొక్కాని ఇంకో భాష తొడుక్కోబోతే చంక దగ్గర బిగిసింది. దాన్ని ఎలా విప్పి కుట్టుకున్నారన్నదే దక్షిణాది లిపుల తొలి చరిత్ర.

మనం వరిలో గింజ పట్టని తాలుని పొల్లు అంటాం. అచ్చు లేని హల్లునీ పొల్లే అంటాం. ఎవరు పెట్టారో గానీ ఎంత చక్కటి పేరో! ఈ పొల్లుని రాతలో ఎలా చూపించాలన్నదానికి అప్పట్లో మూడు నాలుగు రకాల ఉపాయాలు కనిపిస్తాయి. ఒకటి పైన చెప్పిన గుహల పద్ధతి. దానిలో అ, ఆ తేడా తెలియదు, సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. రెండోది, గీతని ఆకారానికి మాత్రమే ఉంచి, ఒట్టి అక్షరాన్ని పొల్లుగానో అకారంతోనో చదువుకొమ్మని పాఠకుడికే వదిలేయడం. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో వచ్చిన మూడో ఉపాయం చుక్క, అంటే పుళ్ళి. హల్లు నెత్తిన చుక్క పెడితే అది పొల్లు. హల్లుకి పుళ్ళితో నిలబడటమే సహజ లక్షణం అని పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియంలోని సూత్రం చెబుతుంది. ఇవాళ్టికీ తమిళులు వాడుతున్నది అదే. అయితే మధ్యలో చాలా శతాబ్దాల పాటు రాతి మీదా తాటాకు మీదా ఆ చుక్కలు పెట్టడం మానేశారు, చదివేవాడే సర్దుకునేవాడు. మధ్యయుగపు తమిళ శాసనం చదవాలంటే తల ప్రాణం తోకకి వచ్చేది అందుకే.

నాలుగో ఉపాయం మన ఇంటిది.

ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. లోపల బుద్ధుడి ధాతువులు, అంటే అవశేషాలు, దాచిన రాతి పెట్టెలు దొరికాయి, వాటి మీద రాత ఉంది. భాష ప్రాకృతమే. కుబీరకుడు అనే రాజు పేరు అందులో ఉంది. జర్మన్ పండితుడు గ్యోర్గ్ బ్యూలర్ దాన్ని చదివినప్పుడు ఆశ్చర్యపోవాల్సి వచ్చింది, ఎందుకంటే కొన్ని అక్షరాల రూపం అశోకుడి లిపికి పొంతన కుదరదు. మ తలకిందులుగా ఉంది. ఘ, జ, ల లాంటివి వేరు. అన్నిటికంటే విశేషం ఏమిటంటే ఇక్కడ ఒట్టి హల్లుకి అకారం లేదు. అ కోసం ఒక అడ్డగీత పెట్టారు. ఆ కావాలంటే ఆ గీత చివర కిందికి వేలాడే ఇంకో గీత. అంటే తమిళ గుహల్లో ఉన్న అ, ఆ గందరగోళం ఇక్కడ లేదు, మూడింటినీ విడిగా చూపించారు. నాలుగు పద్ధతుల్లోకీ ఇదే తెలివైనదని నా అభిప్రాయం. కానీ బతకలేదు. తెలివైనవన్నీ బతకవు కదా.

దీని కాలం మీద కూడా తగాదా ఉంది. బ్యూలర్ క్రీ.పూ. 3వ శతాబ్దానికి పెట్టాడు, తర్వాతివాళ్లు కొందరు క్రీ.పూ. 2వ శతాబ్దం అంటారు. ప్రాకృతానికి పొల్లు అవసరం లేనప్పుడు భట్టిప్రోలులో ఈ పద్ధతి ఎందుకు వాడారు? అక్కడ రాసినవాళ్ల ఇంటి భాష హల్లుతో ముగిసే ద్రావిడ భాష అయ్యుంటుందనీ, దానికోసం అలవాటు చేసుకున్న పద్ధతినే ప్రాకృతానికీ వాడారనీ నాకు అనిపిస్తుంది. ఇది ఊహే. రాతిలో రాసి లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "భట్టిప్రోలు అడ్డగీతే మన తలకట్టు" అని ఎవరైనా మీకు చెప్పే ఉంటారు. క మీద తలకట్టు ఉంటుంది, గుడి పెడితే పోతుంది, కాబట్టి తలకట్టు అంటే అకారం గుర్తు అన్నది ఆ వాదన. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, నేనూ కుర్రతనంలో నమ్మాను. కానీ ఆ రెండింటికీ మధ్య శతాబ్దాల శాసనాలు ఉన్నాయి, వాటిలో ఈ గీత అకారం గుర్తుగా కొనసాగలేదు. తలకట్టు వచ్చింది అక్షరం తల మీద ఉలి మొదట తగిలే చోట ఏర్పడే చిన్న గాటు, తర్వాత అలంకారంగా పెరిగిన గాటు నుంచి. అదే అకారం గుర్తయితే ఖ, జ, ట, ణ, బ, లకి తలకట్టు ఎందుకు లేనట్టు?

సరే, మరి తెలుగు చివరికి ఏ దారి పట్టింది? అశోకుడి దారే. మన లిపిలో హల్లు అంటే అకారంతో కూడినదే, రెండు హల్లులు కలిస్తే ఒకటి కింద వత్తుగా చేరుతుంది. తమిళంలో "అమ్మా" రాయాలంటే అ, చుక్క పెట్టిన మ, మా అని వరసగా మూడు రాస్తారు. మనం మా కింద మ వత్తు ఇస్తాం. తెలుగు క్రమంగా అచ్చుతో ముగిసే భాషగా స్థిరపడటం వల్ల, సంస్కృత ప్రాకృతాల మాటలు దండిగా రాసుకోవడం వల్ల వత్తుల పద్ధతి మనకి సుఖంగా సరిపోయింది. అయినా పొల్లు పూర్తిగా పోలేదు. పాత తెలుగులో "వచ్చెన్", "నాకున్" అంటూ ద్రుతం ఉండేది కదా, చివర ఆ న్ కోసం ఒక ప్రత్యేక గుర్తు వాడేవారు. అందుకే దానికి నకారపొల్లు అని పేరొచ్చింది. ఆ పాత గుర్తు 2021లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ద్రుతం పోయాక పొల్లుకి పని తగ్గింది. మళ్లీ ఇంగ్లీషు మాటలు వచ్చాక పని పెరిగింది. బస్, ఫోన్, టెన్షన్ అని రాసిన ప్రతిసారీ రెండు వేల ఏళ్ల కిందట మదురై కొండల్లో రాసినవాడికి వచ్చిన ఇబ్బందే మనకీ వస్తోంది.

అక్షరాల సంఖ్య దగ్గర కూడా ఇలాంటి సర్దుబాటే జరిగింది. తమిళంలో క, గ తేడా మాట అర్థాన్ని మార్చదు, చోటుని బట్టి పలుకు మారుతుంది. అందుకని తమిళులు బ్రాహ్మిలో ఖ, గ, ఘ లాంటివి వదిలేశారు. బదులుగా బ్రాహ్మిలో లేని నాలుగు ధ్వనులకి గుర్తులు తెచ్చుకున్నారు: ళ, ఱ, ఴ, ఇంకా పదం చివర వచ్చే రెండో న. న కోసం ఉన్న పాత గుర్తుకి చిన్న కొక్కెం తగిలించి ఆ రెండో నని చేశారు. తమిళ రాతని పోల్చుకోవడానికి ఈ నాలుగే ఆనవాలు. ఴ మనకీ ఉండేది. రేనాటి చోళుల శాసనాల్లో ఉంది. తర్వాత మన నోట్లో అది చాలాచోట్ల డ అయిపోయింది: తమిళుల కోఴి మనకి కోడి, ఏఴు మనకి ఏడు, చోఴుడు మనకి చోడుడు. బండి ఱ మాత్రం నిన్నమొన్నటి దాకా పాఠాల పుస్తకాల్లో ఉండేది.

ఇప్పుడు ముందెవరు అన్న గొడవలోకి దిగుదాం.

బ్రాహ్మికి మనకి కచ్చితమైన తేదీ దొరికేది అశోకుడి దగ్గరే, క్రీ.పూ. 268 నుంచి 232 దాకా ఆయన పాలన. దానికి ముందు సంగతి అంతా వాదనే. అరామిక్ లేదా ఫినీషియన్ లిపి చూసి బ్రాహ్మిని తయారు చేశారన్నది బ్యూలర్ వైపు వాదన. గ, థ లాంటి కొన్ని అక్షరాల పోలిక నిజంగానే ఉంది. వాయవ్యంలో వాడిన ఖరోష్ఠి అయితే అరామిక్ నుంచి వచ్చిందనడంలో పెద్దగా తగాదా లేదు, అది కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కూడా. "లిపి" అన్న మాటే పాత పర్షియన్ "దిపి" నుంచి వచ్చింది. ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీలో అశోకుడి శాసనంలో ఇంకా "దిపి" అనే ఉంది. ఇదంతా ఒప్పుకున్నా, బ్రాహ్మి లోపలి అమరిక చూస్తే ఎవరో ధ్వనిశాస్త్రం తెలిసినవాడు కూర్చుని ఆలోచించి చేసినట్టుంటుంది. ట అర్ధచంద్రం అయితే ఠ పూర్తి వృత్తం. ప చివర చిన్న వంపు తిప్పితే ఫ. ఒకవేళ బయటి లిపి చూసి ప్రేరణ పొందినా, పని మాత్రం ఇక్కడివాళ్లదే. నేను ఈ వైపే మొగ్గుతాను.

మరి అశోకుడి కంటే ముందు రాత ఉండేదా? చంద్రగుప్తుడి కొలువుకి వచ్చిన మెగస్తనీస్ ఇక్కడివాళ్లకి రాతపూర్వక చట్టాలు లేవు, అన్నీ జ్ఞాపకంతోనే నడుపుతారు అన్నాడు. అంతకు కొంచెం ముందే అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ ఇక్కడివాళ్లు గట్టిగా నేసిన గుడ్డ మీద ఉత్తరాలు రాస్తారు అన్నాడు. ఇద్దరివీ గ్రీకు కళ్లే, ఇద్దరూ ఒకే దేశం గురించి చెప్పారు. చూశారా మన అదృష్టం.

తవ్వకాల దగ్గరకి వస్తే, శ్రీలంకలోని అనురాధపురంలో కానింగ్‌హమ్, దెరణియగల జరిపిన తవ్వకాల్లో బ్రాహ్మి రాసిన కుండపెంకులు అశోకుడి కంటే ముందు పొరల్లో దొరికాయి. తమిళనాడులో పళని దగ్గర పొరుందల్‌లో ఒక సమాధిలో వడ్లు నింపిన కుండ, దానితో పాటు "వయర" అని రాసిన వస్తువు దొరికాయి. ఆ వడ్ల కార్బన్ తేదీ క్రీ.పూ. 490 దగ్గర వచ్చిందని తవ్విన కె. రాజన్ ప్రకటించారు. తర్వాత శివగంగ జిల్లాలో వైగై నది ఒడ్డున కీళడి. 2014-15లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున అమర్‌నాథ్ రామకృష్ణ మొదలుపెట్టారు, తర్వాత తమిళనాడు రాష్ట్ర శాఖ కొనసాగించింది. 2019లో రాష్ట్రం విడుదల చేసిన నివేదికలో 353 సెంటీమీటర్ల లోతులోని నమూనాకి క్రీ.పూ. 580 తేదీ ఇచ్చారు, తమిళ బ్రాహ్మిలో, అంటే తమిళానికి సర్దుకున్న బ్రాహ్మిలో, రాసిన 56 పెంకులు దొరికాయన్నారు. రామకృష్ణ తన 982 పేజీల నివేదికని 2023 జనవరిలో ఇచ్చారు. 2025లో కేంద్ర శాఖ దాన్ని సవరించమని తిప్పి పంపింది, అక్కడి నుంచి అది రాజకీయం అయింది. దాని జోలికి నేను పోను.

పురావస్తు లెక్కలో మాత్రం రెండు చిక్కులు ఉన్నాయి, టీవీ చర్చల్లో ఎవరూ చెప్పరు. ఒకటి, కార్బన్ తేదీ బొగ్గుదో గింజదో అవుతుంది, రాతది కాదు. ఆ బొగ్గూ ఆ పెంకూ ఒకే కాలంలో నేలలో పడ్డాయని పొరలే చెప్పాలి. ఎలుక బొరియలు, వేళ్లు, తర్వాతివాళ్లు తవ్విన గోతులు ఈ పొరలని కలిపేస్తాయి. రెండోది ఇంకా మొండిది. కార్బన్ కొలతని సంవత్సరాల్లోకి మార్చే పట్టికలో క్రీ.పూ. 800 నుంచి 400 దాకా గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని హాల్‌స్టాట్ పీఠభూమి అంటారు. ఆ మధ్యలో ఎక్కడ పుట్టిన బొగ్గయినా ఇంచుమించు ఒకే కొలత చూపిస్తుంది. అంటే 580 అన్న అంకె చూడ్డానికి కచ్చితంగా ఉంటుంది గానీ వెనక చాలా వెడల్పైన కాలం దాక్కుని ఉంటుంది. మన దురదృష్టం కొద్దీ మనకి కావలసిన కాలమే సరిగ్గా ఆ బల్లపరుపు మీద పడింది.

అందుకని నా లెక్క ఇదీ. ఒక్క చోట ఒక్క తేదీ అయితే పక్కన పెట్టేవాణ్ని. అనురాధపురం, పొరుందల్, కీళడి, తమిళనాడులోనే ఉన్న కొడుమణల్, ఇన్ని చోట్ల పాత తేదీలు వస్తున్నప్పుడు అశోకుడికి ముందే వర్తకుల చేతుల్లో ఏదో ఒక రూపంలో బ్రాహ్మి తిరుగుతుండేదని ఒప్పుకోవడం కష్టం కాదు. కుండ మీద తన పేరు గీసుకునే అవసరం చక్రవర్తి కంటే వ్యాపారికే ముందొస్తుంది. కానీ దాన్నుంచి "బ్రాహ్మి తమిళనాడులో పుట్టి ఉత్తరానికి పోయింది" అని దూకడం వేరు. అనురాధపురం పెంకుల మీద భాష ప్రాకృతం. కొడుమణల్‌లో తమిళ పేర్ల పక్కనే ప్రాకృత పేర్లూ ఉన్నాయి. పైగా మనం ఇందాక చూసిన పొల్లు తిప్పలే ఈ లిపి మొదట ఇంకో భాష కొలతలతో కుట్టిందని చెబుతున్నాయి. తమిళుడే మొదట కుట్టి ఉంటే పొల్లుకి గుర్తు మొదటి రోజే ఉండేది, మూడు నాలుగు ఉపాయాలు వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. తేదీలు ఎటు మారినా ఈ వాదన మాత్రం కదలదని నేను అనుకుంటున్నాను.

సింధు లిపి సంగతి త్వరగా చెప్పేస్తాను. అది క్రీ.పూ. 1900 ప్రాంతంలో ఆగిపోయింది. అక్కడి నుంచి బ్రాహ్మి దాకా వెయ్యేళ్లకు పైగా ఖాళీ. ఆ ఖాళీలో దక్షిణాది కుండల మీద గీసిన గుర్తులు ఉన్నాయి, నిజమే. బి.బి. లాల్ 1960లోనే వాటిని సింధు గుర్తులతో పోల్చాడు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం విడుదల చేసిన అధ్యయనం ఆ గుర్తుల్లో 90 శాతానికి సింధు గుర్తులతో పోలిక ఉందంటుంది. ఆ సందర్భంలోనే సింధు లిపిని ఛేదించినవాళ్లకి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. పోలిక ఉండొచ్చు. నిచ్చెన, బాణం, చేప, చక్రం ఎవరు గీసినా ఒకేలా ఉంటాయి. మా ఊరి చాకలి బట్టల మీద పెట్టే గుర్తుల్లో కూడా నేను సింధు గుర్తులు చూపించగలను. ఒక గుర్తుకి అక్కడ ఉన్న ఉచ్చారణే ఇక్కడా ఉందని చూపిస్తేనే లిపి చుట్టరికం. సింధు లిపి ఉచ్చారణ మనకి తెలియదు.

ఇక మీ ఆఫీసాయన సంగతి. తెలుగు లిపి దక్షిణ బ్రాహ్మి నుంచి శాతవాహనుల, ఇక్ష్వాకుల, శాలంకాయనుల, వేంగి చాళుక్యుల రాతల మీదుగా నడిచి వచ్చింది. కన్నడంతో కలిసి ఒకే లిపిగా చాలా కాలం ఉండి, 13వ శతాబ్దం నాటికి విడిపోవడం మొదలుపెట్టింది. క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం తెలుగులో దొరికిన తొలి వాక్యాల్లో ఒకటి. అమరావతి రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన "నాగబు" అన్న ఒక్క మాట అంతకంటే చాలా పాతది. ఇందులో తమిళ లిపి పాత్ర లేదు.

తమాషా ఏమిటంటే, రుణం అటువైపు నుంచే కొంత ఉంది. గుహల్లోని తమిళ బ్రాహ్మికి సూటి వారసుడు వట్టెళుత్తు. దాన్ని పాండ్య, కేరళ దేశాల్లో చాలా కాలం వాడారు. ఇవాళ చెన్నై బస్సుల మీద కనిపించే తమిళ లిపి అది కాదు. అది పల్లవుల కాలంలో, వాళ్లు సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథ లిపి నీడలో, 7వ శతాబ్దం ప్రాంతంలో రూపుకట్టి, చోళుల బలంతో దేశమంతా పాకింది. ఆ పల్లవుల తొలి రాతలు ఎక్కడ దొరికాయి? పల్నాడులోని మంచికల్లులో. నరసరావుపేట దగ్గర మయిదవోలులో దొరికిన రాగిరేకుల్లో యువరాజు శివస్కందవర్మ కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి ఆజ్ఞ ఇస్తాడు. భాష ప్రాకృతం, రాత కృష్ణా తీరపు వాటం. తమిళ లిపికి తెలుగు తల్లి అని దీన్నుంచి ఎవరూ ఊరేగింపు తీయనక్కర్లేదు, ఆయన వాదన ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. పినతండ్రి పిల్లలు ఒకరింట్లో ఒకరు భోంచేస్తుంటారు, అంతే.

శాతవాహనుల వెండి నాణేలు ఒక వైపు ప్రాకృతం, ఇంకో వైపు దక్షిణాది భాష చూపిస్తాయి. ఆ రెండో వైపు "మకనకు" అని ఉంటుంది, కొడుకుకి అని. అది తమిళమా, తెలుగుకి పూర్వరూపమా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. చివర "కు" చూసి మనవాళ్లకి మనసు లాగుతుంది, "మకన్" చూసి వాళ్లకి.

గుండ్రటి అక్షరాలు తాటాకు వల్ల వచ్చాయని, గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చిరుగుతుందని అందరూ చెబుతారు. కొంత నిజమే. కానీ తమిళులూ తాటాకు మీదే గంటంతోనే రాశారు, వాళ్ల అక్షరాలు మూలలు తిరిగే ఉన్నాయి. కాబట్టి ఆకు మీద నేరమంతా వేయకండి.

వీలుంటే ఒకసారి ఎర్రగుడి వెళ్లి చూడండి. కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో. అశోకుడి పెద్ద శాసనాలూ చిన్న శాసనమూ రెండూ అక్కడి బండల మీద ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, ఎద్దు దుక్కి దున్నినట్టు తిరుగుతాయి. లేఖకుడి సరదా అనుకుంటాను. పెద్ద శాసనాల్లో రెండో దానిలో చోళులు, పాండ్యుల వరసలో "సతియపుతో" అని ఒక పేరుంది. ఎవరో తేల్చలేక పండితులు చాలా కాలం తన్నుకున్నారు. 1981లో తమిళనాడులోని జంబై కొండలో ఒక తమిళ బ్రాహ్మి శాసనం బయటపడింది: "సతియపుతో అతియన్ నెడుమాన్ అంచి ఇత్త పళి". పాత తమిళ సంగం కవులు పాడిన అతియమానే అశోకుడు చెప్పిన సతియపుతుడి వంశం అని తేలింది. కర్నూలు రాతి మీద ఉన్న ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

ఎర్రగుడికి పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, ఎండ పక్క నుంచి పడితేనే అక్షరం కనబడుతుంది. మధ్యాహ్నం పోతే ఒట్టి బండ కనిపిస్తుంది. అక్షరాలు తెల్లగా కనిపించాలని చాక్‌పీసు మాత్రం రుద్దకండి.